జీపు ఎందుకు బతికింది, కాంటెస్సా ఎందుకు పోయింది: పడమటి మండలాల్లో పాత బళ్ల తారీఖ్

చేతిలో ఉన్న రఖం ఒకటే. ఆ రఖంకి పదేళ్లు దాటిన స్కార్పియోనో ఇన్నోవానో వస్తుంది. అదే రఖంకి, కొత్తగా ఉన్నప్పుడు దానికి రెండు మూడింతలు పలికిన బెంజో, ఆడీయో, స్కోడా సూపర్బో కూడా వస్తుంది. ఏది తీసుకోవాలి? మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో సెకండ్స్ బండి కొనబోయే ఇళ్లలో ఈ బహస్ జరుగుతూనే ఉంటుంది. "మన దోవలకి ఎత్తు బండే సరిపోతాదినా" అని ఒకరంటారు. "ఒకసారి దాంట్లో కూర్చోని చూడు మియా, షాన్ అంటే ఏందో తెలుస్తాది" అని ఇంకొకరంటారు. ఇద్దరి మాటలోనూ హకీకత్ ఉంది.

అందరూ దీన్ని శౌక్‌కీ జరూరత్‌కీ మధ్య తగాదాలాగా చూస్తారు. నాకు మాత్రం ఇది తారీఖ్‌లో జవాబు వెతకాల్సిన సవాల్ అనిపిస్తుంది. మన పడమటి మండలాల్లో ఏ బండి ముప్పై నలభై ఏళ్లు తిరిగింది? ఏది పదేళ్లకే టార్పాలిన్ కిందికి చేరింది? ఎందుకని? వెనక్కి వెళ్లి చూస్తే తేలేది ఇదీ: ఇంజన్ బలం, సీటు మెత్తదనం తర్వాతి సంగతులు. బండిని విప్పి బిగించడం తెలిసిన చేతులు ఊళ్లో ఎన్ని ఉంటే ఆ బండికి అంత ఉమర్.

జట్కా నుంచి మోటారుకి

మదనపల్లె వైపు నేల ఒకప్పుడు గుర్రంకొండ కోట కింద ఉండేది. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్‌ల జమానా అది. 1800లో నిజాం ఈ సీమనంతా ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చేశాక దత్త మండలాలు అన్నారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె తాలూకా కడప జిల్లా నుంచి ఇటు వచ్చింది. పుంగనూరు జమీందారీ ఊరు. కుప్పం వైపు కంగుంది జమీందారీ. పాలకులు మారారు, సరిహద్దులు మారాయి, ఫౌజులు వెళ్లిపోయాయి. గుర్రాల చుట్టూ అల్లుకున్న పనులు మాత్రం మిగిలిపోయాయి. నాలాలు కొట్టే నాల్‌బంద్‌లు, జీనులు కుట్టేవాళ్లు, జట్కా తోలేవాళ్లు. 'జట్కా సాయిబు' అనే మాట రాయలసీమ ఊళ్లలో ఊరికే పుట్టలేదు.

మోటారు వచ్చాక ఈ హునర్లే కొత్త పనుల్లోకి దారి తీశాయి. జట్కా ఇంటి పిల్లవాడు డ్రైవరయ్యాడు, జీను కుట్టే ఇంటివాడు సీటు కుషన్ పనిలోకి వెళ్లాడు, కొలిమి దగ్గర పెరిగినవాడు కమాన్ కట్టలు సరిచేసే పని పట్టుకున్నాడు. బళ్ల పనిలో ఈరోజుకీ వాడే మాటలు చూడండి: మరమ్మతు, కారఖానా, పుర్జా, ఉస్తాద్. తెలుగువాళ్ల నోట్లో ఇవి ఎప్పుడో తెలుగైపోయాయి. ఆ పని ఎవరి చేతుల మీదుగా ఊళ్లోకి వచ్చిందో ఆ మాటలే షహాదత్ ఇస్తాయి.

మొహమ్మద్ పేరుతో పుట్టిన కంపెనీ

ఎస్‌యూవీ అనే పేరు మనకి కొత్తది. బండి పాతది. దాని అసలు పేరు జీపు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఫౌజు కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి 6 లక్షలకు పైగా జీపులు తయారు చేశాయి. బర్మా వైపు యుద్ధంతో ఆ బళ్లు మన దేశంలోకీ వచ్చాయి.

1945లో జగదీశ్ చంద్ర మహీంద్రా, కైలాశ్ చంద్ర మహీంద్రా అనే ఇద్దరు అన్నదమ్ములు, మలిక్ గులాం మొహమ్మద్ అనే దోస్తుతో కలిసి ఒక కంపెనీ పెట్టారు. పేరు 'మహీంద్రా అండ్ మొహమ్మద్'. మొదట ఉక్కు వ్యాపారం. గులాం మొహమ్మద్ అలీగఢ్‌లో చదివినవాడు, హైదరాబాద్ నిజాం దగ్గర ఆర్థిక శాఖ చూసినవాడు. 1947లో తక్సీమ్ జరిగింది. ఆయన పాకిస్తాన్ వెళ్లి ఆ దేశానికి మొదటి ఆర్థిక మంత్రి అయ్యాడు, 1951లో గవర్నర్ జనరల్ కూడా అయ్యాడు. ఇక్కడ కంపెనీ పేరు 1948లో 'మహీంద్రా అండ్ మహీంద్రా'గా మారింది. రెండు 'ఎం'లతో అచ్చు వేయించిన కాగితాలు వృథా కాకుండా రెండో 'ఎం'కి కూడా మహీంద్రా అనే పేరే పెట్టారని ఆ కంపెనీవాళ్లే చెప్పుకుంటారు. ఒక ముల్క్ రెండైనప్పుడు ఒక పేరు ఎంత నిశ్శబ్దంగా చెరిగిపోతుందో ఈ ఒక్క మార్పు చాలు చెప్పడానికి. కంపెనీ మాత్రం 1947 నుంచే విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలోని మజ్‌గావ్‌లో బిగించడం మొదలుపెట్టింది.

ఇంకో ముచ్చట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆజాద్ హిందుస్తాన్‌లో బయటపడిన మొదటి పెద్ద కుంభకోణం పాత జీపుల సౌదాయే. 1948లో కాశ్మీర్ యుద్ధం నడుస్తుండగా, లండన్‌లో మన హైకమిషనర్‌గా ఉన్న వి.కె. కృష్ణ మీనన్, సైన్యం కోసం బాగుచేసిన పాత జీపులు 2,000 కొనడానికి ఒక విదేశీ కంపెనీతో ఒప్పందం చేశారు. అందినవి 155. అవీ పనికొచ్చే స్థితిలో లేవని తేలింది. పార్లమెంటులో పెద్ద గొడవ జరిగింది. 1955లో ప్రభుత్వం ఆ ఫైలు మూసేసింది. బండిని కళ్లతో చూడకుండా, మిస్త్రీతో తట్టి చూపించకుండా బయానా ఇస్తే ఏమవుతుందో ఈ దేశం మొదట్లోనే చూసింది. "దేఖ్ కో లేవ్ మియా" అని మన పెద్దలు అనేది ఇందుకే.

సర్కారీ జీపు, కండెమ్ జీపు

పల్లెల్లోకి జీపుని తెచ్చింది సర్కారు. 1952 అక్టోబర్ 2న సమాజ వికాస పథకం మొదలైంది. బ్లాకులు ఏర్పడ్డాయి, బ్లాకు ఆఫీసులకి జీపులు వచ్చాయి. రెవెన్యూ, పోలీసు, అడవి శాఖల దగ్గరా జీపే. రోడ్డు లేని ఊరికి సర్కారు వచ్చిందంటే జీపు మీదే వచ్చేది.

ఆ జీపు తన నౌకరీ పూర్తి చేసుకున్నాక కండెమ్ అయ్యేది. వేలం వేసేవాళ్లు. ఆ వేలంలో కొన్న కండెమ్ జీపే చాలా చిన్న ఊళ్లకి మొదటి సొంత బండి. పెట్రోలు ఎక్కువ తాగుతోందని పాత ఇంజన్ దించేసి డీజిల్ ఇంజన్ ఎక్కించారు. వెనక బెంచీలు బిగించారు, పైన రెగ్జిన్ గుడ్డ కుట్టారు. ఆ బండికి అంతా నట్టూ బోల్టే. నిచ్చెనలాంటి ఇనుప చాసీ మీద బాడీ వేరుగా కూర్చుంటుంది. గుంతలో పడి కమాన్ కట్ట విరిగితే ఒక్క పట్టీ మారిస్తే చాలు. బాడీ తుప్పు పడితే టింకరింగ్ అతను రేకు కోసి అతుకుతాడు. ఏ భాగం పోతే ఆ భాగమే మార్చుకోవచ్చు కాబట్టి మొత్తం బండి ఒక్కసారిగా చచ్చిపోయే సమస్యే లేదు.

ఆ తర్వాత ప్యూజో డీజిల్ ఇంజన్‌తో ఎంఎం 540 వచ్చింది, పొడుగు కమాండర్ వచ్చింది. బస్సు రాని పల్లెలకి ఈ కమాండర్లే బస్సులు. లోపల ఎంతమంది, వెనక వేలాడేది ఎంతమంది అని లెక్కపెట్టే ఓపిక బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి తప్ప ఎవరికీ ఉండేది కాదు. హార్స్‌లీ కొండల ఘాట్ ఎక్కినా, సంతకి గొర్రెల్ని దింపినా, అర్ధరాత్రి నొప్పులు పడే ఆడకూతుర్ని ఆస్పత్రికి చేర్చినా అదే బండి. ఒక ఇంటికి రోజీ, పది ఊళ్లకి దారి.

షాన్ కోసం వచ్చిన బళ్లు

ఇక రెండో పక్క. మన దేశంలో పెద్ద సెడాన్ అంటే చాలాకాలం బయటి నుంచి వచ్చిన బండే. 1980ల్లో ఇక్కడే తయారయ్యే రెండు వచ్చాయి. ఒకటి కాంటెస్సా. ఇంగ్లండ్‌లో వాక్స్‌హాల్ కంపెనీ ఆపేసిన మోడల్ అచ్చులు కొనుక్కొచ్చి, హిందుస్తాన్ మోటార్స్ 1984 నుంచి బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో చేసింది. ఇంకొకటి స్టాండర్డ్ 2000. మద్రాసు కంపెనీ 1985లో దింపింది. దాని బాడీ ఇంగ్లండ్ రోవర్‌ది. 1977లో యూరప్‌లో ఆ ఏటి మేటి కారుగా ఎంపికైన బండి. మన దగ్గర మాత్రం ఆ అందమైన బాడీలో ఒక పాత జమానా ఇంజన్ పెట్టారు. పెళ్లికొడుకు షేర్వానీ తొడిగిన ముసలాయనలా ఉండేది. ధర చూస్తే చుక్కలు, నడిపితే నీరసం. మూడు నాలుగేళ్లలోనే ఆగిపోయింది.

కాంటెస్సా కథ అంత తొందరగా ముగియలేదు. మొదట దాంట్లో అంబాసిడర్ ఇంజనే పెట్టారు. అంత పెద్ద బాడీని లాగలేక ఆయాసపడేది. తర్వాత ఇసుజు 1.8 లీటర్ ఇంజన్ వచ్చింది. అప్పటినుంచి కాంటెస్సా క్లాసిక్ అంటే నిజంగానే క్లాసు. రాజకీయ నాయకులు, గ్రానైటు సేట్లు, సినిమాలో విలన్లు, అందరికీ అదే. మన ఇళ్లలో నికాకి దుల్హా కూర్చోవడానికి ఒక తెల్ల కాంటెస్సా బాడుగకి దొరికితే ఖాందాన్ ఇజ్జత్ నిలబడినట్టే. బారాతీలు మాత్రం వెనక కమాండర్లలో కుక్కుకొని వచ్చేవాళ్లు.

2002లో కాంటెస్సా తయారీ ఆగిపోయింది. దాని చావు ఎక్కడ మొదలైందో గమనించాలి. ఇంజన్ దగ్గర మొదలవలేదు. అదే ఇసుజు ఇంజన్ని 1990ల్లో అంబాసిడర్‌లో కూడా పెట్టారు, అంబాసిడర్ 2014 దాకా తయారైంది. కాబట్టి ఇంజన్‌కి తోడు దొరికింది. ముందు అద్దానికి, తలుపు బీడింగ్‌కి, దీపం గిన్నెకి తోడు లేదు. అవి కాంటెస్సాకి తప్ప ఇంకే బండికీ సరిపోవు. వాన నీళ్లు బీడింగ్ సందులోంచి దిగి నేల రేకు తినేశాయి. గుండె బాగున్న మనిషి చర్మం ఊడిపోయి చచ్చినట్టయింది.

ఒకే ఇంజన్, రెండు నసీబులు

గల్ఫ్ సంగతి రాయకుండా మన ఇళ్ల బళ్ల తారీఖ్ పూర్తికాదు. 1970ల నుంచి ఈ సీమ పిల్లలు సౌదీకి, కువైట్‌కి, దుబాయ్‌కి పోయారు. అక్కడ డబ్ల్యూ 123 అనే బెంజ్‌ని చూశారు. 1976 నుంచి పదేళ్లలో దాదాపు 27 లక్షలు తయారైన మోడల్ అది. అరబ్ దేశాల్లో టాక్సీగా తిరిగింది. లక్షల కిలోమీటర్లు తిరిగినా చావని బండి అని దానికి పేరు. బెంజ్ అంటే చావులేని బండి అనే ఎతెబార్ మన సీమలోకి గల్ఫ్ నుంచే వచ్చింది. అక్కడ బళ్లకి స్టీరింగ్ ఎడమ పక్క ఉంటుంది, ఇక్కడ మన చట్టం దాన్ని సులువుగా ఒప్పుకోదు. కాబట్టి బండి తెచ్చుకున్నవాళ్లు తక్కువ. దాని మీద శౌక్‌నీ, అక్కడి కారఖానాల్లో నేర్చిన ఇల్మ్‌నీ తెచ్చుకున్నవాళ్లు ఎక్కువ.

ఇప్పుడు ఒక విచిత్రం వినండి. ఆ డబ్ల్యూ 123లో 240డీ అనే డీజిల్ మోడల్ ఉండేది. దాని ఇంజన్ పేరు ఓఎం 616, 2.4 లీటర్లు, నాలుగు సిలిండర్లు. పూణేలోని బజాజ్ టెంపో కంపెనీ డైమ్లర్ బెంజ్ నుంచి లైసెన్సు తీసుకొని అదే ఇంజన్ని ఇక్కడ తయారు చేసింది. 1980ల చివర్లో దాన్ని ట్రాక్స్ జీపులో పెట్టింది. అంటే మన పల్లె దోవల్లో పదిహేనుమందిని ఎక్కించుకొని పొగ వదులుతూ పోయిన ట్రాక్స్ గుండె, రియాద్‌లో షేక్‌లని మోసిన బెంజ్ గుండె ఒకటే.

ట్రాక్స్‌లో ఆ ఇంజన్ దశాబ్దాలు బతికింది. ఎక్కడ చెడిపోయినా విప్పే మిస్త్రీ ఉన్నాడు, పుర్జాలు బెంగళూరులోనో చిత్తూరులోనో దొరికేవి. మన దగ్గర పాత బెంజ్ సెడాన్ అలా బతకలేదు. లోహం తేడా లేదు, కారఖానాల లెక్కలో తేడా ఉంది.

సుమో, క్వాలిస్, స్కార్పియో

1994లో టాటా సుమో వచ్చింది. టెల్కోని నడిపించిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోంచి రెండేసి అక్షరాలు తీసి పెట్టిన పేరు. పదిమంది కూర్చోవచ్చు, జీపులా ఎండా దుమ్మూ లోపలికి రావు. సినిమావాళ్లు దాన్ని రాయలసీమ ఫ్యాక్షన్ బండిని చేసి గాల్లోకి ఎగరేశారు. నిజంలో మన సుమోలు ఎగిరింది తక్కువ, తిరుపతి కొండకీ వేలూరు ఆస్పత్రికీ తిరిగింది ఎక్కువ.

2000లో బెంగళూరు పక్కన బిడది నుంచి టయోటా క్వాలిస్ వచ్చింది. చూడ్డానికి డబ్బా. మరమ్మతే అడగని డబ్బా. 2005లో దాన్ని ఆపి ఇన్నోవా తెచ్చారు. 2002లో మహీంద్రా స్కార్పియో దిగింది. అంతదాకా జరూరత్ బండిగా ఉన్న జీపు ఖాందాన్‌కి ఆనాటితో షాన్ కూడా తోడైంది. దుల్హా కాంటెస్సా దిగి స్కార్పియో ఎక్కాడు. 2013 బడ్జెట్‌లో ఈ జాతి బళ్ల మీద ఎక్సైజు సుంకం 30 శాతానికి పెంచినప్పుడు, నేల నుంచి 170 మిల్లీమీటర్ల ఎత్తు అనేది ఎస్‌యూవీకి ఒక కొలతగా రాశారు. మన దోవ గుంతలకి సర్కారు ఒప్పుకున్న కొలత అనుకోండి.

అదే సమయంలో సెడాన్ పక్క కూడా దుకాణం పెరిగింది. 1995లో పూణేలో టెల్కోతో కలిసి బెంజ్ తయారీ మొదలైంది. 2001లో స్కోడా ఆక్టేవియా వచ్చింది. 2007లో బీఎండబ్ల్యూ చెన్నై దగ్గర ఫ్యాక్టరీ తెరిచింది. ఆ ఫ్యాక్టరీ ఉన్న జాగా పేరు మహీంద్రా వరల్డ్ సిటీ. జీపు కంపెనీ పేరున్న ఊళ్లో జర్మన్ సెడాన్ తయారవుతోంది!

పుర్జాల హిసాబ్

ఇప్పుడు అసలు హిసాబ్‌కి వద్దాం. లగ్జరీ సెడాన్ పాతబడేకొద్దీ దాని ధర పడిపోతుంది. పుర్జా ధర పడిపోదు. 50 లక్షల బండి పదిహేనేళ్ల తర్వాత 6 లక్షలకి వచ్చిందనుకోండి. దాని ఎయిర్ సస్పెన్షన్ బెలో, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ లోపలి పెట్టె, హెడ్‌లైట్ సెట్టు, ఇవన్నీ ఇప్పటికీ 50 లక్షల బండి పుర్జాలే. ఒక్క గేర్‌బాక్స్ పని బండి ధరలో పెద్ద ముక్కని మింగేస్తుంది. చవగ్గా కొన్న మనిషి ఖరీదైన మనిషి ఖర్చు మోయాలి.

పాత ఎస్‌యూవీ లెక్క తలకిందులు. కొనేటప్పుడు వయసుకి మించిన ధర అడుగుతారు. పదిహేనేళ్ల ఇన్నోవా ధర విని "ఇదేం అన్యాయం" అని గుండె పట్టుకునేవాళ్లున్నారు. కానీ ఆ ధరలో సగం బండిది, సగం దాని బిరాదరీది. అదే ఇంజన్, అదే క్లచ్ ప్లేటు, అదే బ్రేక్ లైనింగ్ వేల టాక్సీల్లో తిరుగుతోంది కాబట్టి పుర్జా ప్రతి ఊళ్లో దొరుకుతుంది. మదనపల్లె మార్కెట్ నుంచి టమాటా బుట్టలు మోసే బొలేరో పికప్‌లని చూడండి. అవి అన్ని తిరుగుతున్నాయి కాబట్టే ఇంట్లో వాడే పాత బొలేరోకి పుర్జా చవక. ఒకరి రోజీ ఇంకొకరికి బర్కత్.

మరి సెడాన్‌కి ఫాయిదాలు లేవా? ఉన్నాయి, ఇన్సాఫ్‌గా చెప్పాలి. బరువు కిందికి ఉంటుంది కాబట్టి మలుపులో గట్టిగా పట్టుకొని పోతుంది. పాత నిచ్చెన చాసీ బండి ఎత్తుగా ఉండి, వేగంలో హఠాత్తుగా తిప్పితే పల్టీ కొట్టే ఖత్రా ఎక్కువ. మన పాత సుమోల్లో, కమాండర్లలో ఎయిర్‌బ్యాగులు లేవు. ఆ కాలపు జర్మన్ సెడాన్లలో ఉన్నాయి. మదనపల్లె నుంచి బెంగళూరుకి వారం వారం పోయి వచ్చేవాడికి, వెనక సీట్లో నడుము నొప్పి అమ్మీ ఉన్నవాడికి, సెడాన్ ఇచ్చే ఆరామ్ చిన్నది కాదు. రోడ్డు కూడా మారింది. జీపు తప్ప దిక్కులేని దోవలు ఇప్పుడు తక్కువ.

డీజిల్ లెక్క కూడా మారింది. ఒకప్పుడు పెట్రోలుకీ డీజిల్‌కీ ధరలో చాలా దూరం ఉండేది. 2010 జూన్‌లో పెట్రోలు మీద, 2014 అక్టోబర్‌లో డీజిల్ మీద సర్కారు ధర అదుపు ఎత్తేశాక ఆ దూరం తగ్గింది. నెలకి కొద్దిగా తిరిగే ఇంటికి "డీజిల్ అయితే చాలు" అనే పాత మాట ఇప్పుడు సరిపోదు.

మూడు రాష్ట్రాల కాగితాలు

కుప్పంలో నిలబడితే ఒక పక్క కర్ణాటక, ఒక పక్క తమిళనాడు. రోడ్డు మీద ఏపీ 03, కేజీఎఫ్ వైపు కేఏ 08, కృష్ణగిరి వైపు టీఎన్ 24 నంబర్లు కలిసి తిరుగుతాయి. రిష్తాలు కూడా అలాగే. వాణియంబాడిలో అత్తగారిల్లు, బంగారుపేటలో ఖాలా ఇల్లు. సెకండ్స్ బండి కూడా సరిహద్దు దాటి వస్తుంది, చవక అనిపిస్తుంది. ఆ చవకలో లైఫ్ ట్యాక్స్ కలిసి ఉండదు.

వేరే రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలకి మించి ఉంచితే ఇక్కడి నంబరు వేయించుకోవాలి. ముందు అక్కడి ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ, తర్వాత ఇక్కడి లైఫ్ ట్యాక్స్. ఢిల్లీ బళ్ల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు రాజధాని ప్రాంతంలో తిరగకూడదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు ఆ మాటనే నిలబెట్టింది. అక్కడ జాగా లేని లగ్జరీ సెడాన్లు దక్షిణాదికి దిగొచ్చాయి. ఉప్పు చల్లినట్టు తళతళలాడుతూ కనిపించే చవక బెంజ్ వెనక చాలాసార్లు ఈ తారీఖే ఉంటుంది.

15 ఏళ్లు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించుకోవాలి. ఆ కేంద్ర ఫీజు 600 రూపాయలుండేది, 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 అయింది. అమ్మేవాళ్లకి కూడా ఒక హెచ్చరిక. సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు దలాల్ చేతికిచ్చి మరిచిపోవద్దు. ఆర్సీలో పేరు మారకపోతే, ఆ బండి ప్రమాదం చేస్తే, కాగితంలో ఎవరి పేరుంటే వాళ్లే జవాబుదార్ అని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. బండి పోయినా బరువు మీ మెడ మీదే ఉంటుంది.

ఉస్తాద్, షాగిర్ద్, స్కానర్

ఇప్పటిదాకా చెప్పిందంతా ఒక్క మనిషి మీద నిలబడి ఉంది: మిస్త్రీ. ఆయన కారఖానాలో పదేళ్ల పిల్లవాడిగా స్పానర్లు అందించడంతో మొదలుపెట్టాడు. గ్రీజు చేతులతో చాయ్ తెచ్చాడు, ఉస్తాద్ దెబ్బలు తిన్నాడు. అది చదువుకోవాల్సిన వయసు. ఆ పద్ధతిని గొప్పగా పొగడడం నాకు చేతకాదు. కానీ ఆ దారిలోనే, ఇంజన్ శబ్దం విని ఏ వాల్వు వదులైందో చెప్పగలిగే చెవి తయారైంది. 2006లో సచార్ కమిటీ నివేదిక చెప్పింది కదా, ముస్లింలు నెల జీతం నౌకరీల్లో తక్కువ, సొంత చేతిపనుల్లో ఎక్కువ అని. మోటారు మరమ్మతు ఆ చేతిపనుల్లో ఒకటి.

ఇప్పుడు ఆ చెవికి పని తగ్గుతోంది. లగ్జరీ సెడాన్లలో ఎప్పుడో మొదలైన మార్పు ఎస్‌యూవీలకీ వచ్చేసింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 బళ్లు. పొగ గొట్టంలో సెన్సార్లు, ఇంజన్‌కి కంప్యూటర్. తప్పు ఎక్కడుందో స్కానర్ చెప్పాలి. ఆ స్కానర్ లోపలికి పోవడానికి కంపెనీ ఇజాజత్ కావాలి. పాత జీపుని కింద పడుకొని విప్పిన ఉస్తాద్, కొత్త స్కార్పియో ముందు బయటివాడిలా నిలబడాల్సి వస్తోంది. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ 'మరమ్మతు హక్కు' మీద ఒక కమిటీ వేసింది, అందులో మోటారు బళ్లు కూడా ఉన్నాయి. పోర్టల్ కూడా తెరిచింది. మన సందుల్లోని షెడ్డుకి అది చేరాలంటే, కంపెనీలు సాఫ్ట్‌వేరునీ మాన్యువల్‌నీ బయటి మిస్త్రీకి ఇచ్చి తీరాలనే గట్టి కానూన్ కావాలి.

ఇందులో దావ్ మీద ఉన్నది మిస్త్రీ రోజీ ఒక్కటే అనుకోవద్దు. మన ఊళ్లో విప్పలేని బండి, మన ఊళ్లో ముసలిదయ్యే హక్కు పోగొట్టుకుంటుంది. రేపటి ఎస్‌యూవీ కూడా నిన్నటి కాంటెస్సాలాగే, చిన్న పుర్జా దొరక్క టార్పాలిన్ కిందికి పోతుంది. పదేళ్ల బండిని కొని బతికే చిన్న రైతు, చిన్న దుకాణందారు, టాక్సీ డ్రైవరు ఆ రోజు ఏం కొనాలి?

మరి ఏది తీసుకోవాలి?

ఇంట్లో ఒకటే బండి ఉండబోతుంటే, అది పొలానికీ పెళ్లికీ ఆస్పత్రికీ పోవాల్సిందే అయితే, పాత ఎస్‌యూవీ తీసుకోండి. బీఎస్ 4 దాకా వచ్చిన బళ్లలో, మీ ఊళ్లో టాక్సీగా ఎక్కువ తిరిగిన మోడల్ చూడండి. చాసీకి వెల్డింగ్ అతుకులున్నాయా, చాసీ నంబరు చెక్కిన చోట గీకినట్టుందా, చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొడితే ఎలాంటి పొగ వస్తుందో గమనించండి. టాక్సీగా తిరిగి తెల్ల బోర్డుకి మారిన బండి మీటరు మీద ఎతెబార్ పెట్టుకోవద్దు.

ఇంట్లో నమ్మకమైన బండి ముందే ఉండి, ఇది శౌక్ కోసమే అయితే, సెడాన్ తప్పేమీ కాదు. కానీ కొన్న ధరలో మూడో వంతు రఖం మరమ్మతుకని పక్కన పెట్టుకోండి. గేర్‌బాక్స్‌కి తెలిసిన చేయి బెంగళూరులో ఎక్కడుందో ముందే కనుక్కోండి. కంపెనీ సర్వీసు కాగితాలు లేని లగ్జరీ సెడాన్‌ని ఎంత చవకైనా ముట్టుకోవద్దు.

రెండింట్లో ఏది కొన్నా, బయానా ఇచ్చేముందు మీ మిస్త్రీని వెంట తీసుకెళ్లండి. ఆయన రోజు కూలీ పూర్తిగా ఇవ్వండి, చాయ్‌తో సరిపెట్టొద్దు. ఇంకో గుజారిష్. ఆయన దగ్గర పనిచేసే షాగిర్ద్ వయసెంతో అడగండి. బడి వయసుంటే బడికి పంపమని చెప్పండి. పది పాసైతే ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు ఉంది, స్కానర్ పని అక్కడ నేర్చుకోవచ్చు. ఉస్తాద్ చెవీ ఆ స్కానరూ ఒకే మనిషి దగ్గరికి చేరితే, ఈరోజు మీరు కొనే బండి ఇంకో పదేళ్లు ఈ దోవల్లోనే తిరుగుతుంది.